మా అమ్మాయి ఏడ్చిందని చెప్పాను

మా అమ్మాయి ఏడవలేదు. ఏడ్చిందని నేను చెప్పాను. మాటవరసకి ఎవరితోనో అన్నది కాదు. వాళ్ళ స్కూల్లో మ్యూజిక్ టీచర్ గారి ఎదురుగా నిలబడి, గొంతు తగ్గించి, కళ్ళు కిందికి దించుకుని చెప్పాను. ఆవిడ నమ్మారు. కన్నతల్లి వచ్చి బిడ్డ రాత్రంతా ఏడ్చిందంటే నమ్మకేం చేస్తారు?

ఇది జరిగి ఏడాది కావస్తోంది. పగలంతా పనిలో పడి మర్చిపోతాను. ఇంట్లో అందరూ పడుకున్నాక గుర్తొస్తుంది. అందుకే ఈ వేళప్పుడు రాస్తున్నాను.

మేముండేది ఏలూరులో. మా ఆయనకి తాడేపల్లిగూడెంలో ఆఫీసు ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్ళొస్తారు. నేను బీయస్సీ పాసై పెళ్ళి చేసుకున్నాను, ఉద్యోగం చెయ్యలేదు. మాకు ఒక్కతే కూతురు. నా చదువంతా దాని మీదే ప్రయోగం చేస్తున్నానని మా ఆయన వేళాకోళం చేస్తారు. దాని చేతిరాత, దాని హిందీ మార్కులు, ముందు పళ్ళ మధ్య సందు, అన్నిటికీ నాకు కంగారే. స్కూలు బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే మూడు ఫోన్లు చేస్తాను.

అప్పుడది ఆడపిల్లల హైస్కూల్లో ఏడో తరగతి చదువుతోంది. శనివారం మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లూ కళల క్లాసు. మా రోజుల్లో కూడా టైంటేబుల్లో డ్రాయింగ్, మ్యూజిక్ అని ఉండేవి కానీ ఆ పీరియడ్లలో లెక్కల మాస్టారు వచ్చి లెక్కలే చెప్పేవారు. వీళ్ళకి మాత్రం నిజంగానే జరిగేవి. శనివారం దాన్ని తీసుకురావడానికి కాస్త ముందే వెళ్ళి గేటు లోపల నిలబడేదాన్ని. వరండాలో ఒక వరస పిల్లలు బోర్లా పడుకుని రంగులు వేసేవారు. ఇంకో పక్క కోలాటం కర్రల చప్పుడు. మూలగదిలో హార్మోనియం. ఇంటికొచ్చాక దాని గౌను చూస్తే ఆ రోజు ఏం నేర్పారో తెలిసిపోయేది, జిగురో, మట్టో, పసుపు రంగో.

ఆ ఏడాది జిల్లా పోటీలకి బుర్రకథ వేయిద్దామనుకున్నారు టీచర్ గారు. బుర్రకథకి ముగ్గురు కావాలి. మధ్యలో భుజాన తంబూరాతో, కాళ్ళకి గజ్జెలతో ఒకరు కథ చెబుతారు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, గుమ్మెటలు వాయిస్తూ "తందాన తాన" అని అందుకుంటారు. ఆ ఇద్దరిలో ఒకరు ఏమీ తెలియనట్టు అడ్డుప్రశ్నలు వేస్తూ జనాన్ని నవ్వించాలి. మా అమ్మాయికి ఆ వేషం ఇచ్చారు.

మధ్యలో తంబూరా పట్టుకున్నది దాని స్నేహితురాలు. కొల్లేటి లంక ఊరి పిల్ల, ఏలూరులో హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్ళమ్మ చేపల ప్యాకింగ్ షెడ్డులో పనిచేస్తుంది. ఆదివారాలు ఆ పిల్ల అనుమతి తీసుకుని మా ఇంటికొచ్చేది. కథ కూడా ఆ పిల్ల తెచ్చిందే. తూములు పూడి, గట్లు అడ్డుపడి నీళ్ళు సముద్రానికి పోలేక కొల్లేరు ఊరి మీదికి వచ్చిన సంగతి వాళ్ళ నాయనమ్మ చెబితే, దాన్ని పిల్లలందరూ కూర్చుని పాటగా కట్టుకున్నారు. ఒడ్డున పడ్డ వస్తువులు ఎవరెవరివో పేరుపేరునా చెప్పే చోట ఆ పిల్ల గొంతు సన్నగా వణికేది. అది నేర్పితే వచ్చే వణుకు కాదు. వరండాలో నిలబడి వింటే నాకే ఒళ్ళు జలదరించింది. విన్నాను, తెలిసింది. అయినా చేశాను.

మా అమ్మాయి సంతోషానికి పట్టపగ్గాలు లేవు. స్కూలు గుమ్మెట ఇంటికివ్వరు గనక బియ్యం డబ్బా, ప్లాస్టిక్ బకెట్, వాళ్ళ నాన్న వీపు, ఏది దొరికితే దాని మీద వాయించేది. అద్దం ముందు నోరు తెరుచుకుని అమాయకంగా చూడడం ప్రాక్టీసు చేసేది. ఆదివారం ఇద్దరూ మా హాల్లో కథ చెప్పుకునేవారు.

"రొయ్యల చెరువులో రాత్రంతా మోటార్లు తిరుగుతాయి కదా, ఎందుకే?" అనేది మా అమ్మాయి, గుమ్మెట బదులు డబ్బా మీద ఒక దెబ్బ వేసి.

"రొయ్యకి గాలాడాలి గదా!"

"రొయ్యకి గాలి కావాలి, మా హాస్టల్ పిల్లలకి అక్కర్లేదా? మా ఫ్యాను ఎప్పుడు తిరుగుద్దంట?"

"నీకు హాస్టలెక్కడిదే, సొంతింట్లో పడుకుంటా!" అని కథ మధ్యలోనే ఆ పిల్ల నవ్వేసేది. ఇద్దరూ నేల మీద దొర్లేవారు.

ఒక ఆదివారం మా అత్తగారు పెంటపాడు నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ మంచం మీద కూర్చుని అంతా చూశారు. స్నేహితురాలు హాస్టల్‌కి వెళ్ళిపోయాక నన్ను పిలిచారు.

"ఏమ్మా, ఆ పిల్లెవరు?"

"దాని ఫ్రెండండీ. లంకల వైపు నుంచి."

"ఆ పిల్ల మజ్జెన నుంచుని కథ చెబుతాదా? మన పిల్ల పక్కన నుంచుని డబ్బా కొడతాదా?"

"డబ్బా కాదండీ, గుమ్మెట."

"ఏదైతే ఏంలే. నువ్వు డిగ్రీ చదివినదానివి, నీకే తెలియాలి. ఊళ్ళో ఎవరన్నా అడిగితే నేనేం చెప్పను? మా మనవరాలు వెనకాల తానతందాన అంటాదని చెప్పనా?"

ఆవిడ నవ్వుతూనే అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. తప్పు ఆవిడ మీదికి నెట్టెయ్యాలని చాలాసార్లు చూశాను, కుదరలేదు. ఆవిడ అనకముందే నా మనసులో అది ఉంది. లంక ఊరి పిల్ల మధ్యలోనూ నా కూతురు పక్కనా అన్న మాట నేను ఎప్పుడో అనేసుకున్నాను. చదువుకున్నదాన్ని కాబట్టి పైకి అనలేదు, అంతే తేడా.

ఇంకొకటి కూడా ఉంది. నేను ముదినేపల్లిలో చదువుకునేటప్పుడు వార్షికోత్సవంలో ప్రతి ఏడూ డాన్సులో ఉండేదాన్ని, ప్రతి ఏడూ ఆఖరి వరసలోనే. మా నాన్నగారు అక్కడే టీచరు. అయినా, అందుకే అనుకుంటాను, ఒక్కసారి కూడా నా గురించి అడగలేదు. నా కూతురి కోసమైతే నేను అడుగుతాను అని ఎప్పుడో అనుకున్నాను. ఎక్కడ అడగాలి, ఎక్కడ అడగకూడదు అన్నది మాత్రం ఆలోచించలేదు.

మర్నాడు పదకొండింటికి స్కూలుకి వెళ్ళాను. తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను కనక గేటు దగ్గర ఎవరూ ఆపరు. టీచర్ గారు మూలగదిలో గుమ్మెటల తాళ్ళు బిగిస్తున్నారు. ఆవిడ పర్మనెంటు కాదు, ఏడాదికేడాది పొడిగిస్తారు. ఆ సంగతి కమిటీ మీటింగుల్లో విని ఉన్నాను. అదీ నాకు తెలుసు.

"రండి మేడం, కూర్చోండి. మీ అమ్మాయి అదరగొట్టేస్తోందండీ. దాని టైమింగు చూశారా?"

"అదేనండీ, ఆ విషయమే…" అన్నాను. మా వైపు వాళ్ళం ఏదీ సూటిగా అడగం. "ఏం లేదండీ. పిల్ల కొంచెం బాధపడుతోందండీ."

"అయ్యో, ఎందుకండీ?"

"మధ్యలో చెప్పాలని దానికి ఆశగా ఉందండీ. మీకు చెప్పడానికి భయం. నిన్న రాత్రి ఒకటే ఏడుపు. దిండు తడిసిపోయిందండీ."

దిండు సంగతి నేను ముందుగా అనుకుని వెళ్ళలేదు. అక్కడికక్కడ వచ్చేసింది.

టీచర్ గారు తాడు వదిలేసి నా వైపు చూశారు. "నాతో ఎప్పుడూ అలా అనలేదండీ. నవ్వుతూనే ఉంటుంది కదా."

"పైకి నవ్వుతుందండీ. మీరేమీ అనుకోకండి. మార్చమని కాదు, మీ చెవిన వేద్దామని వచ్చానంతే."

"పర్లేదండీ, నేను చూస్తాను" అన్నారావిడ. మార్చమని కాదు అని నేను అన్న మాటకి అర్థం ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

ఆ శనివారం మా అమ్మాయి తంబూరాతో గేటు దగ్గరికి వచ్చింది. పాట బట్టీ పట్టడానికి ఇంటికి తీసుకెళ్ళమన్నారట. ముఖంలో వెలుగు లేదు.

"నన్ను మధ్యలోకి మార్చారమ్మా."

"అవునా! ఎంత మంచి వార్త!" అన్నాను. ఆశ్చర్యపోవడం నాకు బాగానే వచ్చింది.

"అది తప్పుకుని నా వేషం తీసుకుందట. తంబూరా బరువుగా ఉంది, భుజం నొప్పి అంటోంది. అబద్ధం. బిందెలు మోసే భుజం దానిది. నాతో చెప్పకుండా టీచర్ గారితో చెప్పింది చూడు."

"పోనీలే, దాని ఇష్టం" అన్నాను.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

మూడు వారాలు రిహార్సల్స్ జరిగాయి. ఇంట్లో డబ్బా చప్పుడు ఆగిపోయింది. మా అమ్మాయి పాటలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా నేర్చుకుంది. దానికి జ్ఞాపకశక్తి ఎక్కువ. వాటిని తప్పులు లేని ఎక్కాల్లా అప్పజెప్పేది. ఆదివారాలు స్నేహితురాలు రాలేదు. ఏమే, రావడం లేదేమిటని అడిగితే "ఏమో" అంది. మా ఆయన ఒకసారి "ఇల్లేమిటి ఇంత సద్దుమణిగిపోయింది?" అన్నారు. పరీక్షలు దగ్గరికొచ్చాయి కదండీ అన్నాను.

పోటీ ఏలూరులోనే ఒక హాల్లో జరిగింది. నేను రెండో వరసలో కూర్చున్నాను. ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. మా అమ్మాయి ఎర్ర అంచు చీరకట్టులో, తలకి పాగాతో, మధ్యలో నిలబడింది. చూడ్డానికి ఎంతో బావుంది. పాటలో ఎక్కడా తప్పు పోలేదు. ఒడ్డున పడ్డ వస్తువుల దగ్గరికి వచ్చింది. ఇత్తడి చెంబు ఎవరిది, పలకల సంచి ఎవరిది, చిన్నపిల్ల చెప్పు ఎవరిది. ఫోన్ తెర మీద మా అమ్మాయి పక్కన ఆ పిల్ల కనిపించింది. పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేకుండా ప్రతి మాటా ఆ పిల్ల కూడా చెబుతోంది. కథ చెప్పేవాళ్ళు ఆగితే వంత ప్రశ్న వెయ్యాలి. మా అమ్మాయి ఆగింది. ఆ పిల్ల ఆగలేదు. పెదవులతో తర్వాతి మాటలోకి వెళ్ళిపోయింది. రెండో వంత గుమ్మెట మీద ఒక దెబ్బ కొట్టింది. ఇంకొకటి కొట్టింది. ఆ పిల్ల ఉలిక్కిపడి "మరి… మరి ఆ చెప్పు ఎవరిదే?" అంది. అది అడగాల్సిన ప్రశ్న కాదు. నవ్వించే చోట ఎవరూ నవ్వలేదు.

నేను వీడియో తీయడం ఆపేశాను. ఆ వీడియో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. నేను మళ్ళీ తెరవలేదు, తుడిచెయ్యనూ లేదు.

బహుమతి రాలేదు. దానికి ఎవరూ పెద్దగా బాధపడలేదు. టీచర్ గారు ముగ్గురికీ చెరుకురసం ఇప్పించారు. పిల్లలు ముఖాల రంగు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళారు. అక్కడేం మాట్లాడుకున్నారో నాకు ఆటోలో తెలిసింది.

ఆటోలో మేమిద్దరమే. పవర్‌పేట దాటాక నా వైపు తిరగకుండానే అడిగింది.

"అమ్మా, నేనెప్పుడు ఏడ్చాను?"

"ఏంటే?"

"తంబూరా కావాలని రాత్రంతా ఏడ్చానంట. నువ్వొచ్చి టీచర్ గారికి చెప్పావంట. టీచర్ గారు దానికి చెప్పి, నాతో అనొద్దు, నేను చిన్నబుచ్చుకుంటానన్నారంట. అందుకని అది భుజం నొప్పి అని తప్పుకుంది. ఇందాక దాని మీద అరిచాను, ప్రశ్న మర్చిపోయిందని. అప్పుడు చెప్పింది."

ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే సగం సిగ్గుతో పోయేది. నేను మళ్ళీ అబద్ధమే ఆడాను.

"నిద్రలో ఏడ్చావమ్మా. నీకు గుర్తుండదు."

అది ఇటు తిరిగింది. కళ్ళ చుట్టూ కాటుక కరిగి ఉంది. పన్నెండేళ్ళ పిల్ల నా ముఖాన్ని అంత జాగ్రత్తగా చూడడం నాకు కొత్త.

"నిద్రలో తంబూరా కావాలన్నానా?"

నేను బయట షాపుల బోర్డుల వైపు తిరిగాను.

"గుమ్మెట వద్దన్నానా?"

ఆటో అతను అద్దంలోంచి మా వైపు చూసి మళ్ళీ చూపు రోడ్డు వైపు తిప్పుకున్నాడు. పరాయి మనిషి చూపుకి కూడా తట్టుకోలేక చున్నీ సర్దుకున్నాను.

ఇంటికి వెళ్ళాక అది వాళ్ళ నాన్నకి ఏమీ చెప్పలేదు. చెబుతుందేమోనని భయపడ్డాను, చెప్పకపోయేసరికి ఇంకా సిగ్గేసింది. పొద్దున్న జడ వేస్తుంటే అంది, "టీచర్ గారికి నువ్వే చెప్పాలి. దానికి కూడా నువ్వే చెప్పాలి. నిన్న కుళాయి దగ్గర నేను చెబితే నమ్మలేదు. నేను మొహమాటానికి ఏడవలేదంటున్నాను అనుకుంటోంది."

ఆ రోజే వెళ్ళాను. టీచర్ గారికి చెప్పడం కష్టమనుకున్నాను గానీ ఆవిడ నాకు తేలిక చేసేశారు. నేను "పొరపాటు నాదేనండీ, అమ్మాయి అసలు…" అనగానే ఆవిడ అందుకున్నారు. "పర్లేదండీ, తల్లి మనసు అలాగే ఉంటుందండీ." ఆ పర్లేదు పట్టుకుని బయటపడొచ్చు. అదే మాట మీద మా వైపు ఎన్నో సంగతులు సద్దుమణుగుతాయి. మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నన్నే చూస్తోంది.

"కాదండీ" అన్నాను. "అది ఏడవలేదండీ. నేను అబద్ధం చెప్పాను."

టీచర్ గారు హార్మోనియం మూత వేశారు. తర్వాత ఎప్పటిలా మర్యాదగానే అన్నారు. "నేను అమ్మాయిని అడిగి ఉండాల్సిందండీ. మీరు కమిటీలో ఉన్నారు, అడగడం బావుండదేమో అనుకున్నాను." ఆవిడ కోపంగా అని ఉంటే బావుండేది.

ఆ పిల్లని పిలిపించారు. నన్ను చూడగానే చేతులు కట్టుకుని నిలబడింది, తప్పు తనదే అయినట్టు. మా ఇంట్లో నేల మీద దొర్లి నవ్విన పిల్ల.

"అమ్మా, మా అమ్మాయి ఏడవలేదు. నువ్వు చెప్పడం దానికి ఇష్టమే. నేనే ఊరికే అలా చెప్పాను."

"ఏడవలేదాండి?"

"లేదమ్మా."

"ఒక్కసారి కూడా ఏడవలేదాండి?"

"లేదు."

ఆ పిల్ల ఊపిరి వదిలింది. "నాకు మూడ్రోజులు అన్నం సయించలేదండి. మా నాయనమ్మకి ఫోన్లో చెప్పాను, దాన్ని ఏడిపించి నేను కథ చెప్పానని. తంబూరా దానికి ఇచ్చెయ్యవే అంది." తర్వాత, అడగొచ్చో లేదో అన్నట్టు, "మరి ఊరికే ఎందుకు చెప్పారండి ఆంటీ?" అంది.

ఎందుకు చెప్పానో చెప్పాలంటే, నువ్వు లంక ఊరి పిల్లవి కాబట్టి అని చెప్పాలి. పన్నెండేళ్ళ పిల్లకి ఆ మాట ముఖాన చెప్పలేకపోయాను. "బుద్ధి లేక" అన్నాను. అది నిజమే గానీ, జవాబు కాదు. ఆ పిల్ల తలూపింది. అర్థమైందనే అనుకుంటున్నాను. పెద్దవాళ్ళు చెప్పకుండా వదిలేసినవి అర్థం చేసుకోవడం ఆ పిల్లకి నాకంటే ముందే అలవాటై ఉంటుంది.

నెల తర్వాత టీచర్ గారు ఆ కథని ఆ పిల్ల ఊళ్ళోనే చెప్పించాలనుకున్నారు. ఆదివారం వ్యాన్‌లో తీసుకెళ్ళి సాయంత్రానికి తీసుకొస్తామన్నారు. ఎవరి వేషాలు వాళ్ళకి వచ్చాయి. అనుమతి కాగితం మా అమ్మాయి నా ముందు పెట్టింది. కింద, వెంట వచ్చే తల్లిదండ్రుల వివరాలు అని గీత ఉంది. నేను పెన్ను అక్కడికి తీసుకెళ్ళాను.

"నువ్వు రావద్దమ్మా" అంది.

కోపంగా అనలేదు. హోంవర్కు చూడొద్దు, నేనే చేసుకుంటాను అన్నట్టు అంది.

"దూరంగా నిలబడతానే."

"దూరంగా నిలబడినా నాకు తెలుస్తుంది."

ఆ గీత ఖాళీగా వదిలేసి కింద సంతకం పెట్టాను. ఆదివారం పులిహోర కట్టి వ్యాన్ ఎక్కించాను. ఆ పిల్లకి కూడా కట్టాను. మా అమ్మాయి డబ్బా పక్కన రెండో డబ్బా చూసి, రెండూ తీసుకెళ్ళింది. ఆ రోజు మధ్యాహ్నం మేఘం పట్టింది. గట్ల మీద రోడ్డు ఎలా ఉంటుందో, వ్యాన్ జారుతుందేమోనని వాతావరణం నాలుగుసార్లు చూశాను. టీచర్ గారికి ఫోన్ మాత్రం చెయ్యలేదు.

సాయంత్రం మోకాళ్ళ వరకు బురదతో వచ్చింది. కాళ్ళు కడుక్కుని నేరుగా వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నేను వంటింట్లో ఉన్నాను. అది చెబుతోంది, ఆయన వింటున్నారు.

"నేను అమాయకంగా మొహం పెట్టి, అసలు కొల్లేరు ఊళ్ళోకి ఎందుకొచ్చింది, దారి తప్పిందా అని అడిగాను నాన్నా. అది జవాబు చెప్పాలి కదా, ఇంతలో ముందు వరసలో ఒక తాతగారు లేచి నిలబడ్డాడు! ఆగవే అమ్మాయ్, దానికేం తెలుసు, అప్పటికి పుట్టలేదు, నన్నడుగు అన్నాడు."

"అడిగావా మరి?"

"అడక్కపోతే కూర్చోడు కదా! ఆయన చెబుతూనే ఉన్నాడు, చెబుతూనే ఉన్నాడు. ఇక చూసి చూసి ఆయనకే తందాన తాన అనేశాను. జనమంతా ఒకటే నవ్వు. ఆయనకి ఇంకా ఊపొచ్చి మా టీచర్ గారిని తంబూరా అడిగాడు!"

నాకు నవ్వొచ్చింది. గరిటె చేతిలో ఉండగానే గట్టిగా నవ్వేశాను.

హాల్లో మాటలు ఆగిపోయాయి. వాళ్ళ నాన్న "ఊఁ, తర్వాత?" అన్నారు. నేను పొయ్యి సన్నం చేసి, చప్పుడు కాకుండా నిలబడ్డాను. కాసేపటికి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. గొంతు తగ్గించి చెబుతోంది. నాకు మాటలు వినపడలేదు.